అన్నీ వచ్చాయి, ఈ వెలితి మాత్రం పోవట్లేదు

ఈ నెల ప్రశ్నలు చూస్తే అందరూ మాట్లాడుకుని ఒకేసారి రాశారేమో అనిపించింది. ఒకాయన అన్నీ సాధించి రాశాడు, ఒకబ్బాయి కొంచెంలో పోగొట్టుకుని రాశాడు, ఒక తల్లి కొడుక్కి కసి లేదని రాసింది, ఇంకొకావిడ నా మీదే కోపంతో రాసింది. ఎవరి పేర్లూ వేయట్లేదు, ఊళ్ళు మాత్రం ఉంచాను. పెద్ద ఉత్తరాలు కాస్త కుదించాను, ఏమీ అనుకోకండి.

ప్రశ్న: మేడం, నాకు 38 ఏళ్ళు. మాది నరసరావుపేట దగ్గర పల్లెటూరు, ఇప్పుడు హైదరాబాద్‌లో నల్లగండ్ల సైడ్ ఉంటున్నాం. ఇంటర్ విజయవాడ హాస్టల్లో చదివాను, ఎంసెట్‌లో ర్యాంకు బాగానే వచ్చింది, కానీ అదే ఏడాది మా పెదనాన్న కొడుక్కి ఐఐటీ వచ్చింది, ఆ రోజు మా ఇంట్లో ఎవరూ సరిగ్గా అన్నం తినలేదు. తర్వాత క్యాంపస్ ప్లేస్‌మెంట్, కొన్నేళ్ళు అమెరికా, వెనక్కొచ్చి ఇక్కడ మేనేజర్, పోయిన డిసెంబర్లో డైరెక్టర్ అయ్యాను. ఆ మెయిల్ చూడగానే కారు పక్కకి ఆపి నాన్నకి ఫోన్ చేశా. "సరే మంచిది, మీ పెదనాన్న వాళ్ళ పెద్దోడికి గ్రీన్ కార్డ్ వచ్చిందంట తెలుసా" అన్నారు. అంతే. సాయంత్రం కేక్ కోశారు, ఫోటోలు దిగాం, నాకు మాత్రం ఎప్పుడు దొరికిపోతానో అన్నట్టు ఉంది. ఇప్పుడు కోకాపేటలో విల్లా చూస్తున్నా, అది కొంటే అయినా సెటిల్ అయ్యాననిపిస్తుందేమో అని. ఇంకో విషయం, రాయాలా వద్దా అనుకున్నా. మొన్న మా పాప, ఆరో తరగతి, లెక్కల్లో 50కి 48 తెచ్చుకుని పేపర్ చూపిస్తే నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట "ఆ రెండు ఎక్కడ పోయినయ్". పాప మొహం చూశాక నాకే భయమేసింది. ఇంకా ఏం సాధిస్తే ఇది పోతుంది?

జవాబు: ఏం సాధించినా పోదు బాబూ, ముందే చెప్పేస్తున్నా. ఆ విల్లా బ్రోచర్ కాస్త పక్కన పెట్టి చదవండి.

మీ దగ్గర రెండు సంగతులు కలిసిపోయి ఉన్నాయి, వాటిని విడదీద్దాం. మొదటిది అందరికీ ఉండేదే. ఏదైనా వచ్చిన కొత్తలో ఉన్న సంబరం కొన్నాళ్ళకి చప్పబడిపోతుంది. 1971లో బ్రిక్‌మన్, క్యాంప్‌బెల్ అని ఇద్దరు అమెరికన్ సైకాలజిస్టులు దీని గురించి రాశారు, మనిషి ఎంత మంచి పరిస్థితికైనా అలవాటు పడిపోయి మళ్ళీ మామూలు మూడ్‌కి వచ్చేస్తాడని, ఎంత పరిగెత్తినా ఉన్నచోటే ఉంటాం కాబట్టి అప్పటి నుంచి దానికి ట్రెడ్‌మిల్ అనే పేరే స్థిరపడిపోయింది. మీ మొదటి జీతం, మొదటి కారు, మొదటి ఫారిన్ ట్రిప్ అన్నీ అలాగే చప్పబడి ఉంటాయి. అది జబ్బేం కాదు, దాన్ని చూసి బెంగ పడక్కర్లేదు, ప్రాణికి అలవాటు పడే గుణం లేకపోతే కష్టాల్లో కూడా బతకలేం కదా.

కానీ సంతోషం వచ్చి చప్పబడటం వేరు, సంతోషం రాకముందే సిగ్గు వచ్చేయడం వేరు. మీకున్నది రెండోది. డైరెక్టర్ అయిన రోజు మీకు ఐదు నిమిషాలు కూడా మిగల్లేదు, ఫోన్ పెట్టేసేసరికి అయిపోయింది. దీనికి పెద్ద పోస్టులు, మెడల్స్ పనిచేయవు. అభినవ్ బింద్రా 2008లో బీజింగ్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో గోల్డ్ కొట్టాడు, ఒలింపిక్స్‌లో మన దేశానికి వ్యక్తిగతంగా వచ్చిన మొట్టమొదటి స్వర్ణం అది, దేశం మొత్తం ఊగిపోయింది. ఆ గెలుపు తర్వాతే తన లోపలంతా ఖాళీ అయిపోయిందని ఆయనే తర్వాత చాలాసార్లు బయటికి చెప్పాడు. ఆయన కారణం ఆయనది, మీది వేరు. నేను చెప్పేదల్లా ఒకటే, పై మెట్టు ఎక్కితే తెలుస్తుంది అనుకునేవాళ్ళకి ఆ పై మెట్టు మీద నిలబడ్డవాళ్ళు చెప్తున్నది కూడా వినాలి కదా.

మనకి చిన్నప్పుడు ధ్రువుడి కథ సగమే చెప్తారు. తండ్రి ఒడిలోకి ఎక్కబోతే సవతి తల్లి సురుచి, నువ్వు నా కడుపున పుట్టలేదు, నీకా ఒడి దక్కదు పో అంది, ఐదేళ్ళ పిల్లాడు రోషపడి అడవికి పోయాడు, తపస్సు చేశాడు, విష్ణువు కనబడి ఎవరికీ అందని చోటు ఇచ్చాడు, నక్షత్రం అయ్యాడు, కథ కంచికి. భాగవతం నాలుగో స్కంధంలో ఆ తర్వాత ముక్క ఒకటుంది. వరం తీసుకుని ఇంటికి బయల్దేరిన ధ్రువుడు సంతోషంగా ఏం లేడు. కథ వింటున్న విదురుడికే డౌటొచ్చింది, అంత కష్టమైనది ఒక్క జన్మలోనే సాధించినవాడు ఏమీ దక్కనివాడిలా ఎందుకు ఉన్నాడు అని మైత్రేయుణ్ణి అడుగుతాడు. మైత్రేయుడు చెప్పే కారణం చూడండి, సవతి తల్లి మాటలు గుండెలో అలాగే గుచ్చుకుని ఉన్నాయి, దేవుడు ఎదురుగా నిలబడ్డప్పుడు కూడా ఈ పిల్లాడికి అవే గుర్తున్నాయి, అందుకే అసలు అడగాల్సింది అడగకుండా ఆ మాటలకి జవాబుగా పనికొచ్చేది అడిగేశాడు. దారంతా తన్ను తాను తిట్టుకుంటూ వెళ్తాడు. ఇంత పాత కథలో ఇంత సూటిగా ఉంది, మనం పిల్లలకి మాత్రం నక్షత్రం దగ్గర ఆపేస్తాం, పట్టుదల ఉంటే ఏదైనా సాధించొచ్చు అని చెప్పడానికి బాగా పనికొస్తుంది కాబట్టి.

మీరు ఎవరి మాటకి జవాబుగా ఇవన్నీ తెచ్చుకున్నారో మీ ఉత్తరంలోనే ఉంది. ఆ రోజు కారు పక్కకి ఆపి చేసిన మొదటి ఫోన్ ఎవరికో చూసుకోండి.

అలా అని మీ నాన్నగారి మీద నాకు కోపం రావట్లేదు. ఆ తరంలో కొడుకుని ఎదురుగా పొగిడితే ఆయుక్షీణం అనేవాళ్ళు, నోరారా బాగుందిరా అన్న తండ్రులు మా ఊళ్ళో కూడా తక్కువే. సుమతీ శతకంలో పద్యం మీరూ బట్టీ పట్టే ఉంటారు, కొడుకు పుట్టినప్పుడు కాదు, జనం ఆ కొడుకుని చూసి పొగిడినప్పుడే తండ్రికి అసలైన పుత్రోత్సాహం అని. ఇంకోసారి ఆలోచించండి దాన్ని, అందులో తండ్రి కూడా జనం మొహం వైపే చూస్తున్నాడు. మీ నాన్నగారికి జనం అంటే ఊరంతా కాదు, మీ పెదనాన్న ఒక్కడే. అన్నదమ్ముల మధ్య పొలం పంపకాల్లో ఏమైందో, చదువు ఒకరికే చెప్పించారో, పెళ్ళిళ్ళ దగ్గర మాటొచ్చిందో, ఏదో ఉండే ఉంటుంది, ఆయన ఆ లెక్క తేల్చుకోలేక మీ చేతికిచ్చారు. మీరు చేయని అప్పుకి ఇరవై ఏళ్ళ నుంచి ఈఎంఐ కడుతున్నారు, అసలెంతో కూడా ఎవరూ చెప్పలేదు. మొన్న ఆ రెండు మార్కుల మాటతో పాపని కూడా గ్యారంటీ సంతకం పెట్టమన్నారు. మీకు భయమేసింది చూశారా, ఉత్తరం మొత్తంలో నాకు బాగా నచ్చింది అదే, భయపడ్డవాడు ఆగుతాడు.

పాప దగ్గరికి వెళ్ళి పెద్ద స్పీచ్ ఏం ఇవ్వకండి. 48 చాలా బాగున్నాయి, నేనన్న మాట తప్పు, చిన్నప్పుడు మా ఇంట్లో విన్నది నీ మీద అనేశాను అని చెప్పండి చాలు, పిల్లలకి అర్థమవుతుంది. తర్వాత ఒక రెండు రోజులు సెలవు పెట్టి ఊరెళ్ళి నాన్నగారి దగ్గర కూర్చోండి. నన్నెందుకు మెచ్చుకోలేదు అని అడగొద్దు, అడిగితే ఆయన బిగుసుకుపోతారు, మీరు ఇంకా చిన్నబుచ్చుకుని తిరిగొస్తారు. నాన్నా, మీరూ పెదనాన్నా చిన్నప్పుడు ఎలా ఉండేవాళ్ళు అని అడగండి. చెప్తే వినండి, చెప్పకపోతే వదిలేయండి. చాలామంది మగవాళ్ళు డెబ్బై దాటాక ఎవరైనా అడిగితే చాలని ఎదురుచూస్తుంటారు. ఆయన నోటి నుంచి మీరు కోరుకున్న ఆ ఒక్క మాట రాకపోవచ్చు, అది వస్తుందని వెళ్ళకండి.

ఇక విల్లా. కొనొద్దని నేను అనట్లేదు, డబ్బు మీది. గృహప్రవేశానికి ఎవర్నీ పిలవకూడదు, వాట్సాప్‌లో ఒక్క ఫోటో పెట్టకూడదు, పెదనాన్న వాళ్ళకి ఆ సంగతి ఎప్పటికీ తెలియదు అనుకోండి. అయినా ఆ ఇల్లే కావాలనిపిస్తే హాయిగా కొనుక్కోండి. ఇంకో చిన్న పని, ఇకపై ఏదైనా మంచి జరిగితే ఒక పూట ఎవరికీ చెప్పకుండా ఉండి చూడండి. ఎవరూ చూడనప్పుడు కూడా మీకు అందులో నచ్చింది ఏదైనా మిగిలితే అది మీది. మేనేజర్ కాకముందు మీకు కోడ్ రాయడం ఇష్టం అని ఒక వాక్యం రాసి కొట్టేశారు, ఎందుకు కొట్టేశారో నాకైతే అర్థం కాలేదు, అది ఉంచాల్సిన వాక్యం.

ఇది మాత్రం సీరియస్‌గా చెప్తున్నా. ఈ చప్పదనంతో పాటు నిద్ర పట్టకపోవడం, ఆకలి చచ్చిపోవడం, బతికి ఏం లాభం అనే ఆలోచనలు ఏమైనా ఉంటే అది ఇలాంటి కాలమ్‌తో పోయేది కాదు, డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. టెలీ మానస్ అని ప్రభుత్వ హెల్ప్‌లైన్ ఉంది, 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులేం కట్టక్కర్లేదు.

ప్రశ్న: మేడం నమస్తే, మాది కరీంనగర్ జిల్లా. అశోక్‌నగర్‌ల రూం తీస్కొని గ్రూప్స్‌కి ప్రిపేర్ అయితున్న. గ్రూప్-1 మెయిన్స్ దాంక పోయిన, చిన్న తేడాతోని పోయింది. మా రూమ్మేట్ ప్రిలిమ్స్‌లనే పోయిండు, వాడు నిమ్మలంగ ఉన్నడు, గ్రూప్-4ల జాబొచ్చింది, జాయినయిండు, ఆదివారం బిర్యానీ తినిపిచ్చిండు. నాకేమో నిద్ర వస్తలేదు. దసరాకు గూడ ఊరికి పోలె, ఏమైంది బిడ్డా అని అడుగుతరు అందరు. నాకు నిజంగ జాబే కావాల్నో, ఊర్లె సార్ అనిపిచ్చుకోవాల్నో సమజైతలేదు. ఎక్కువ దూరం వచ్చినోనికే ఎందుకు ఎక్కువ బాధ మేడం?

జవాబు: నువ్వడిగిన ప్రశ్ననే అమెరికాలో ముగ్గురు సైకాలజిస్టులు పరిశోధన చేసి 1995లో అచ్చేశారు తమ్ముడూ. 1992 బార్సిలోనా ఒలింపిక్స్ వీడియోలు తీసుకుని, గెలిచినవాళ్ళ మొహాలు చూసి ఎంత సంతోషంగా ఉన్నారో చెప్పమని కాలేజీ పిల్లలకి చూపించారు. సిల్వర్ వచ్చినవాళ్ళ కంటే బ్రాంజ్ వచ్చినవాళ్ళే ఎక్కువ సంతోషంగా కనబడ్డారు. సిల్వర్ వచ్చినవాడు పైకి చూసి అయ్యో కొంచెంలో పోయిందే అనుకుంటాడు, బ్రాంజ్ వచ్చినవాడు కిందికి చూసి హమ్మయ్య ఏదో ఒకటి వచ్చింది అనుకుంటాడు. నీ రూమ్మేట్ బిర్యానీ లెక్క అది. వాడికి నీకన్నా తెలివి ఎక్కువనో నీకు తక్కువనో కాదు, నువ్వు గెలుపు అంచు దాకా వెళ్ళొచ్చావు, నీ బుర్ర ఆ ఒక్క ఆన్సర్ వేరేగా రాసుంటే అని రోజూ రాత్రి మళ్ళీ రాస్తోంది, అందుకే నిద్ర లేదు.

పైగా మీ బ్యాచ్ పడ్డది మామూలు పాట్లు కాదు. 2022 అక్టోబర్లో రాసిన ప్రిలిమ్స్ పేపర్ లీకై రద్దయింది, 2023 జూన్‌లో మళ్ళీ రాసింది కోర్టులో కొట్టేశారు, 2024 జూన్‌లో ఇంకో నోటిఫికేషన్ మీద మళ్ళీ రాశారు. ఇందులో నీ లోపం ఎంత, నీ చేతిలో లేనిది ఎంత అని ఒక కాగితం మీద గీత గీసి రాసుకో. ఊళ్ళో అడిగేవాళ్ళకి ఆ తేదీలు తెలియవు, నీకు తెలుసు కదా. నీకు తెలిసి కూడా మొత్తం నీ తలమీదే వేసుకుంటున్నావు.

సివిల్స్‌కి జనరల్ వాళ్ళకి 32 ఏళ్ళు, ఆరు అటెంప్టులు అని ఒక గోడ ఉంది, ఆ గోడ తగిలితే ఆగుతారు. 2024 గ్రూప్-1 నోటిఫికేషన్‌లో వయసు 46 దాకా ఇచ్చారు, అది నిరుద్యోగులకి మేలు చేద్దామనే, కానీ దాంతో ఎక్కడ ఆగాలో చెప్పేవాళ్ళు లేకుండా పోయారు. ఆ గోడ నువ్వే కట్టుకోవాలి. ఎప్పటిదాకా రాస్తావో ఒక తేదీ అనుకుని ఇంట్లో ఒకరికైనా చెప్పు, ఈలోపు గ్రూప్-2, గ్రూప్-3, ఏది తగిలితే అందులో చేరు, చేరాక కూడా చదువుకోవచ్చు, జీతం వస్తుంటే అమ్మ ముందు తల ఎత్తుకునే ఉంటావు.

జాబ్ కావాలా, సార్ అనిపించుకోవాలా అని నువ్వే రాశావు చూడు, కోచింగ్‌లో ఎవరూ అడగని ప్రశ్న అది. రెండూ కావాలనుకోవడం తప్పేం కాదు, మన ఊళ్ళల్లో ఆఫీసు గుమ్మం దగ్గర మన నాన్నలు చెప్పులు విప్పి చేతులు కట్టుకుని నిలబడ్డం చూసినవాళ్ళకి ఆ కుర్చీ ఎందుకు కావాలో నేను పాఠం చెప్పక్కర్లేదు. అది వట్టి లోపలి వెలితి కాదు, బయట నిజంగా ఉన్న ఎక్కువ తక్కువలు. కాకపోతే ఆ కుర్చీ వచ్చేదాకా నేను మనిషినే కాను అనుకుంటే మాత్రం ఒప్పుకోను. బతుకమ్మకో సంక్రాంతికో ఊరికి పో, అడిగినోళ్ళకి కొంచెంలో పోయింది పెద్దమ్మా అని ఒక్క ముక్క చెప్పు, రెండో రోజు నుంచి వాళ్ళకి వేరే ముచ్చట్లు దొరుకుతాయి.

ప్రశ్న: అమ్మా, మాది రాజమండ్రి. మా అబ్బాయి తొమ్మిదో తరగతి, ఐఐటీ ఫౌండేషన్ బ్యాచ్‌లో వేశాం. తెలివైనవాడే కానీ కసి లేదు. మేమిద్దరం లేమిలో పెరిగి కసితో పైకి వచ్చాం, వాడికి అన్నీ అమర్చేశాం, అందుకే ఇలా తయారయ్యాడని మా వారి బాధ. వీక్లీ టెస్టులో తగ్గితే కింది సెక్షన్‌లో వేస్తారు, వాడు అక్కడ కూడా ఫ్రెండ్స్‌ని చేసుకుని హ్యాపీగా ఉన్నాడు! అవమానం తగిలితే గానీ లేవడు, ఇంట్లో కూడా కొంచెం చిన్నబుచ్చుతూ ఉండండి అని అక్కడి సారు చెప్పారు. మాకు మనసొప్పట్లేదు, అలాగని వదిలేయలేం. ఖాళీ దొరికితే పాడైపోయిన మిక్సీలు, ఫ్యాన్లు విప్పుకుంటూ కూర్చుంటాడు.

జవాబు: చిన్నబుచ్చకండమ్మా. ఆ సారుకి తన సెక్షన్ రిజల్ట్ కావాలి, మీకు కొడుకు కావాలి.

కసి పనిచేయదు అని నేను అబద్ధం చెప్పను, పనిచేస్తుంది, మీ ఇద్దరే సాక్ష్యం. ఆల్ఫ్రెడ్ ఆడ్లర్ అని వియన్నా డాక్టర్, 1870లో పుట్టాడు, చిన్నప్పుడు రికెట్స్ వల్ల నాలుగేళ్ళ దాకా సరిగ్గా నడవలేదు, ఐదేళ్ళప్పుడు న్యుమోనియా వచ్చి చావు అంచు దాకా వెళ్ళాడు, అప్పుడే డాక్టర్ అవుదామనుకున్నాడంటారు. నేను తక్కువ అనే భావన మీద ప్రపంచంలో అందరికంటే ఎక్కువ ఆలోచించింది బహుశా ఆయనే. ఆయన చెప్పేదేంటంటే, ఆ భావన ప్రతి పిల్లాడికీ ఉంటుంది, పెద్దవాళ్ళ మధ్య చిన్నగా, చేతకాక ఉంటాడు కాబట్టి. అక్కడి నుంచే నేర్చుకోవాలి, ఎదగాలి అనే తపన పుడుతుంది. అంటే మీరు కొత్తగా లోటు తెచ్చి పెట్టక్కర్లేదు, దేవుడు ఇచ్చింది సరిపోతుంది. ఆ తపన పదిమందితో కలిసి పనికొచ్చే దారి పడితే మనిషి బాగుంటాడు, పక్కవాడి కంటే పైన ఉండాలి అన్న దారి పడితే లోపల కుళ్ళిపోతాడు అని కూడా ఆయనే అన్నాడు.

కసితో పైకొచ్చినవాళ్ళలో మన విశ్వామిత్రుణ్ణి మించినవాడు లేడు కదా. వసిష్ఠుడి ఆవుని లాక్కోబోయి భంగపడ్డ రాజు, క్షత్రియ బలం ఏం బలం అని రోషపడి తపస్సుకి కూర్చున్నాడు. బాలకాండలో లెక్క చూడండి, తపస్సు చేసి సంపాదించడం, ఏదో పంతం మీద ఖర్చు పెట్టేయడం. త్రిశంకుని స్వర్గానికి పంపడానికి కొంత పోయింది, మేనక దగ్గర కొన్నేళ్ళు పోయాయి, రంభ మీద కోపంతో రాయివైపో అని శపించి మళ్ళీ మొత్తం పోగొట్టుకున్నాడు. కసి తెచ్చిపెడుతుంది, అదే తినేస్తుంది. చివరికి సాక్షాత్తు బ్రహ్మదేవుడు వచ్చి నువ్వు బ్రహ్మర్షివి అన్నా కూడా ఆయనకి ఆనలేదు, వసిష్ఠుడు అనాలి అన్నాడు. వసిష్ఠుడు మంచివాడు కాబట్టి వచ్చి అన్నాడు, అందరి కథల్లోనూ వసిష్ఠుడు రాడు. పై ఉత్తరంలో నరసరావుపేట బాబు సంగతి ఇప్పుడే చదివారు.

మీ వాడికి కసి లేకపోవచ్చు గానీ ఇష్టం ఉందమ్మా, ఆ మిక్సీల దగ్గర. కింది సెక్షన్‌లో వేసినా ఫ్రెండ్స్‌ని చేసుకున్నాడంటే, నేనైతే దిష్టి తీస్తాను. పదిహేనేళ్ళ లోపు పిల్లాడికి ఓడిపోవడం ఒంట పట్టకుండా ఉండటం ఎంత ఆస్తో మీకు ఇప్పుడు తెలీదు. అలాగని పరీక్షలు గాలికి వదిలేయమనట్లేదు, రోజూ ఇంత టైమ్ చదవాలి అని పెట్టండి, చదవకపోతే గట్టిగానే మాట్లాడండి, క్రమశిక్షణ వేరు చిన్నబుచ్చడం వేరు. ఫౌండేషన్ బ్యాచ్ నిజంగా అవసరమా అని వాడినే అడగండి. ఐఐటీ ఒక్కటే కాదు, పదో తరగతి తర్వాత పాలిసెట్ రాసి పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్‌లో చేరొచ్చు, డిప్లొమా అయ్యాక ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలోకి వెళ్ళొచ్చు, ఆ దారిలో వెళ్ళి బ్రహ్మాండంగా ఉన్నవాళ్ళు చాలామంది నాకు తెలుసు. బంధువుల్లో చెప్పుకోవడానికి కొంచెం గ్లామర్ తక్కువ, అంతే. మీ వారితో ఒక మాట చెప్పండి, లేమి ఆయన్ని పైకి తెచ్చిందో, లేమి ఉన్నా కూడా ఆయన పైకి వచ్చారో ఒకసారి తీరిగ్గా ఆలోచించుకోమని.

ప్రశ్న: పోయిన నెల మీరు ఒకాయనకి "చాలు అనుకోవడం నేర్చుకోండి" అని రాశారు. మా ఆయన ప్రైవేట్ స్కూల్ టీచర్, జీతం 18 వేలు, అది కూడా సమ్మర్లో ఇవ్వరు. నేను బ్లౌజులు కుడతా. అద్దె, ఇద్దరు పిల్లల ఫీజులు. మమ్మల్ని కూడా చాలు అనుకోమంటారా? తృప్తి గురించి చెప్పడం మీలాంటోళ్ళకి సులువే. అనంతపురం.

జవాబు: ఆ మాట మూడు ఫ్లాట్లు ఉండి నాలుగోదానికి లోన్ పెట్టినాయనకి రాసింది తల్లీ, మీకు కాదు. చాలనివాళ్ళకి చాలు అనుకోమని చెప్పేవాళ్ళంటే నాకూ ఒళ్ళు మంటే. మీది మనసులో లోటు కాదు, ఇంట్లో లోటు, దానికి మందు డబ్బే. డబ్బుతో సంతోషం రాదు అనడానికి అందరూ 1978లో అమెరికాలో చేసిన ఒక స్టడీ చెప్తుంటారు, లాటరీ తగిలినవాళ్ళు మిగతావాళ్ళ కంటే పెద్ద సంతోషంగా ఏం లేరని, కానీ అందులో లాటరీ గెలిచినవాళ్ళు 22 మందే. 2020లో స్వీడన్ లాటరీల మీద చాలా పెద్ద స్టడీ వచ్చింది, పెద్ద మొత్తాలు తగిలినవాళ్ళకి జీవితం మీద తృప్తి పెరిగింది, పదేళ్ళు దాటినా తగ్గలేదు. కాబట్టి మీరు నిస్సంకోచంగా ఎక్కువ సంపాదించాలని కోరుకోండి. బ్లౌజులకి రేటు ఎంత తీసుకుంటున్నారో రాయలేదు, మగ్గం వర్క్ నేర్చుకుంటే ఒక్కో బ్లౌజుకి వచ్చేది బాగా మారుతుంది, మీ ఊళ్ళో నేర్పేవాళ్ళు ఉంటారు, కనుక్కోండి. సమ్మర్ జీతం విషయంలో మీ ఆయన ఒక్కరే అడిగితే ఉద్యోగానికి ఎసరు, తోటి టీచర్లతో కలిసి అడగమనండి.

ప్రశ్న: నేను టెక్సాస్‌లో ఫ్రిస్కోలో ఉంటాను ఆంటీ. ఇల్లు, రెండు కార్లు, అన్నీ ఉన్నాయి, ఏదో మిస్ అవుతున్నా. జాబ్ వదిలేసి మా ఊరు (పశ్చిమ గోదావరి) వచ్చేసి పది ఆవులు పెట్టుకుని ప్రశాంతంగా బతుకుదాం అనుకుంటున్నా. నేచురల్ ఫార్మింగ్ మీద ఒక యూట్యూబ్ ఛానల్ కూడా పెడతా. మా ఫ్రెండ్స్ అందరూ షాక్ అయ్యారు. మీరేమంటారు?

జవాబు: ఆవుల దాకా బాగానే ఉంది, ఆ ఛానల్ దగ్గరే నాకు డౌటొచ్చింది నాయనా. ఫ్రెండ్స్ షాక్ అయ్యారని కూడా రాశావు. ఫ్రిస్కోలో ఎవరి కారు పెద్దది అనే పోటీ వదిలేసి, అన్నీ వదిలేశాను చూడండి అనే పోటీలోకి దిగుతున్నావేమో చూసుకో, అది కూడా పోటీయే, ఇంకొంచెం గట్టి పోటీ. ప్రశాంతత కోసం అయితే పది ఆవులు తప్పు ఐడియా, ఆవుకి ఆదివారం ఉండదు, తెల్లవారుజామున ఒకసారి సాయంత్రం ఒకసారి పాలు తీయాల్సిందే, పనివాళ్ళు పండక్కి రారు, ఈత టైమ్‌కి డాక్టర్ దొరకడు. నీకు పశువులంటే నిజంగా ఇష్టమైతే ఇవేవీ పెద్ద కష్టాలు కాదు, మా ఊళ్ళో ఆడవాళ్ళు జీవితాంతం చేశారు, ఎవరూ వీడియో తీయలేదు. రాజీనామా ఇప్పుడే ఇవ్వకు. సెలవు దొరికితే సంక్రాంతికి కాకుండా మే నెలలో రా, సంక్రాంతికి మన ఊళ్ళు ఎవరికైనా నచ్చుతాయి. డెయిరీ నడిపే చుట్టం ఎవరో ఒకరు ఉంటారుగా, వాళ్ళింట్లో ఒక నెల ఉండి పేడ దగ్గర్నుంచి అన్నీ చెయ్యి, ఫోన్ లోపల పెట్టేసి. నెలాఖరుకి పాల డబ్బులు ఎంతొచ్చాయి, దాణాకి ఎంత పోయింది అని వాళ్ళ పుస్తకం అడిగి చూడు. పచ్చగడ్డి ఎండాకాలంలో ఎక్కడి నుంచి తేవాలో, ట్రక్కు ఎంత పడుతుందో మాత్రం వచ్చేముందే ఫోన్ చేసి కనుక్కో, చాలామంది అక్కడే చేతులెత్తేస్తున్నారు.